పన్నెండున్నర షిల్లింగులు: యుద్ధకాలంలో అప్పులు తీర్చిన ఆడవాళ్లు

యుద్ధ చరిత్రల్లో అప్పుల ప్రస్తావన లేదని ఎవరూ అనలేరు. ఏ దేశం ఏ దేశానికి ఎంత బాకీ పడింది, యుద్ధబాండ్ల ద్వారా ఎంత సొమ్ము పోగయింది, ఆ బాకీల భారం తర్వాతి తరాల మీద ఎలా పడింది అన్న విషయాల మీద పేజీలకి పేజీలు ఉంటాయి. కానీ యుద్ధానికి వెళ్లినవాడి ఇంట్లో కిరాణాకొట్టు పద్దు ఎంతుందో, ఇంటద్దె ఎన్ని వారాలు నిలబడిపోయిందో, ఏ దుప్పటి, ఏ గడియారం తాకట్టు కొట్లో ఉన్నాయో ఆ పుస్తకాల్లో వెతికితే దొరకదు. అతను తిరిగొచ్చేలోపు, లేదా రాకుండా పోయేలోపు, ఆ అప్పులు ఎవరో ఒకరు తీర్చారు. ఎవరు తీర్చారు, ఎలా తీర్చారు, తీర్చినందుకు వాళ్లకి దక్కిందేమిటి? ఈ మూడు ప్రశ్నలతో నేను మొదటి ప్రపంచయుద్ధ కాలపు బ్రిటన్ దగ్గరికి వెళ్లాను.

సాహిత్యం చదువుకున్నదాన్ని, ఆర్థిక చరిత్రలోకి ఎందుకు వెళ్లానన్న సందేహం సహజమే. నన్ను అటు తీసుకెళ్లింది వర్జీనియా ఉల్ఫ్. 1929లో వచ్చిన ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ని మనమంతా ఎన్నోసార్లు చదువుకున్నాం, పాఠాలు చెప్పుకున్నాం. రాసే స్త్రీకి ఏడాదికి 500 పౌండ్ల ఆదాయం, తనదైన ఒక గది ఉండాలంటుంది ఉల్ఫ్. మేనత్త వీలునామాతో వచ్చిన ఆ డబ్బు, ఓటు హక్కు కంటే కూడా ముఖ్యమైందిగా ఆ పుస్తకంలోని కథకురాలికి తోస్తుంది. ఓటు హక్కు వచ్చిన ఆ సంవత్సరాల్లోనే బ్రిటన్‌లో దాదాపు పదిహేను లక్షలమంది భార్యలు ప్రభుత్వం నుంచి ప్రతివారం తమ చేతికి డబ్బు అందుకుంటున్నారు. పిల్లలు లేని మామూలు సిపాయి భార్యకి 1914 అక్టోబరు నుంచి వారానికి పన్నెండున్నర షిల్లింగులు. షిల్లింగుకి పన్నెండు పెన్నీలు, పౌండుకి ఇరవై షిల్లింగులు. ఏడాదికి లెక్కేస్తే ముప్ఫైరెండున్నర పౌండ్లు. ఉల్ఫ్ చెప్పిన 500 పక్కన ఈ ముప్ఫైరెండున్నరని పెట్టి చూస్తే, ఆ చిన్న మొత్తం ఆడవాళ్ల జీవితంలో ఏం చేసిందో తెలుసుకోవాలనిపించింది.

ముందు ఆ ఇళ్లల్లో అప్పు ఎలా నడిచేదో చూడాలి. యుద్ధానికి ముందు, ఫేబియన్ సొసైటీ మహిళా బృందం తరఫున కొందరు స్త్రీలు దక్షిణ లండన్‌లోని లాంబెత్‌లో పనివాళ్ల ఇళ్లకి వారం వారం వెళ్లి ఖర్చుల లెక్కలు రాయించారు. ఆ లెక్కల ఆధారంగా మాడ్ పెంబర్ రీవ్స్ 1913లో ‘రౌండ్ అబౌట్ ఎ పౌండ్ ఎ వీక్’ అనే పుస్తకం వేసింది. భర్త సంపాదన వారానికి 18 నుంచి 30 షిల్లింగులు. అందులోంచి అతను తన ఖర్చులకి ఉంచుకుని మిగిలింది భార్యకిస్తాడు. అతని జీతం పెరిగినా ఆమెకిచ్చేది పెరగాలని లేదు. ఆ డబ్బులోంచే అద్దె, బొగ్గు, తిండి, చచ్చిపోతే పాతిపెట్టడానికి కట్టే బీమా. ఏ వారమైనా పని దొరక్కపోతే, బిడ్డకి జబ్బుచేస్తే అప్పే దిక్కు.

ఆ అప్పుకి ఒక వారచక్రం ఉండేది. సోమవారం పొద్దున భర్త ఆదివారం వేసుకున్న మంచి సూటు మూటకట్టి తాకట్టు కొట్లో పెట్టేవారు. శనివారం జీతం అందగానే విడిపించేవారు. మళ్లీ సోమవారం. 1872 నాటి తాకట్టు వ్యాపారుల చట్టం ప్రకారం చిన్న అప్పుల మీద ప్రతి రెండు షిల్లింగులకీ, అందులో భాగానికైనా సరే, నెలకి అరపెన్నీ వడ్డీ. రసీదుకి మరో అరపెన్నీ. వారంలో విడిపించినా నెల వడ్డీ కట్టాల్సిందే. అంటే అయిదు షిల్లింగులకి సూటు పెడితే ప్రతి శనివారం రెండు పెన్నీలు పోతాయి. అదే సూటుని ఏడాది పొడుగునా అలా తిప్పితే, అయిదు షిల్లింగుల అప్పుకి కట్టే వడ్డీ, రసీదు ఖర్చు కలిపి ఎనిమిది షిల్లింగుల ఎనిమిది పెన్నీలు! అసలు అయిదూ అలాగే ఉంటుంది.

ఈ లెక్క చూసేది ఆడవాళ్లే. మూట మోసేది వాళ్లే, కొట్టువాడితో బేరమాడేది వాళ్లే. అద్దె వసూలుకొచ్చినవాడికి తలుపు తీసి సర్దిచెప్పేదీ వాళ్లే. అయినా చట్టం దృష్టిలో అప్పు భర్తది. ఇంటి అవసరాల కోసం భార్య చేసిన బాకీకి ఆమె అతని తరఫున వ్యవహరించినట్టే లెక్క. అప్పు అతని పేరున, అవమానం ఆమె పేరున. ఇది మనకి తెలియని సంగతేం కాదు.

1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. అంతవరకూ సైన్యం అనుమతితో పెళ్లి చేసుకున్న కొద్దిమంది సిపాయిల భార్యలనే సైన్యం గుర్తించేది. లక్షలమంది స్వచ్ఛందంగా చేరాలంటే వాళ్ల ఇళ్లకి భరోసా ఇవ్వక తప్పలేదు. యుద్ధం మొదలైన కొద్దిరోజులకే ఈ భత్యాన్ని సైనికుల భార్యలందరికీ విస్తరించారు. దాన్ని ‘సెపరేషన్ అలవెన్స్’ అన్నారు. మనం ఎడబాటు భత్యం అనుకుందాం. అక్టోబరు నాటికి ఖరారైన పన్నెండున్నర షిల్లింగుల్లో మూడున్నర సిపాయి జీతంలోంచి విధిగా కోసినవి, మిగతా తొమ్మిదీ ప్రభుత్వం వేసినవి. 1915 వసంతం నాటికి ముగ్గురు పిల్లలున్న భార్యకి 23 షిల్లింగులు వచ్చేవి. పెళ్లి కాకుండా కలిసి బతుకుతున్న స్త్రీలకి కూడా, అతనే పోషిస్తున్నాడని రుజువైతే, భత్యం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నీతి గురించి అంత పట్టింపున్న రాజ్యం సైనికుల అవసరం ముందు ఎంత తొందరగా మెత్తబడిందో గమనించాలి.

అయితే మొదటి నెలల్లో ఆ డబ్బు వేళకి అందలేదు. దరఖాస్తులు గుట్టలు పడ్డాయి. పెళ్లి పత్రం, పిల్లల పుట్టిన పత్రాలు పంపమన్నారు. లండన్ ఈస్ట్ ఎండ్‌లో పనిచేస్తున్న సిల్వియా పాంక్‌హర్స్ట్ 1932లో అచ్చయిన ‘ది హోమ్ ఫ్రంట్’లో ఆ రోజుల్ని రికార్డు చేసింది. భర్త వెళ్లిపోయాడు, జీతం ఆగిపోయింది, భత్యం రాలేదు. ఉన్నవి తాకట్టుకి చేరాయి, అద్దె నిలబడిపోయింది. దేశం కోసం భర్తని పంపిన ఆడదాని మొదటి అనుభవం కొత్త అప్పు. సిల్వియా బృందం మూతపడిన ఒక సారాదుకాణాన్ని తీసుకుని తల్లీపిల్లల కేంద్రంగా మార్చింది. ‘గన్‌మేకర్స్ ఆర్మ్స్’ అని ఉన్న దాని పేరుని ‘మదర్స్ ఆర్మ్స్’ అని మార్చారు. ఇంగ్లీషులో ఆ ‘ఆర్మ్స్’కి ఆయుధాలనీ, చేతులనీ రెండర్థాలు. తుపాకులు చేసేవాడి పేరు పోయి, తల్లి చేతులు వచ్చాయి.

భత్యం సక్రమంగా అందడం మొదలయ్యాక పరిస్థితి మారింది. వారం వారం పోస్టాఫీసు కిటికీ దగ్గర కచ్చితమైన మొత్తం వచ్చేది. వానొచ్చినా, రేవులో పని దొరక్కపోయినా అది ఆగదు. భర్త ముందే తన వాటా తీసుకునే పద్ధతీ లేదు. ఎక్కువ జీతం తెచ్చే నిపుణ కార్మికుల ఇళ్లల్లో ఆదాయం పడిపోయిన మాట నిజమే. కానీ రోజుకూలీల ఇళ్లల్లో, పిల్లలు ఎక్కువున్న ఇళ్లల్లో, చాలామంది భార్యలు మునుపెన్నడూ చూడనంత నిలకడైన డబ్బు చూశారు. జే వింటర్ 1985లో ప్రచురించిన అధ్యయనం, యుద్ధకాలంలో బ్రిటన్ పౌరుల ఆరోగ్యం, ముఖ్యంగా పేద ప్రాంతాల్లో పసిపిల్లల బతుకుదల, మెరుగైందని వాదించింది. ఫ్రాన్సు కందకాల్లో తండ్రులు చచ్చిపోతున్న కాలంలో ఇంటి దగ్గర పిల్లలు బతికారు. ఇంతకంటే చేదు నిజం ఇంకేముంటుంది?

ఈ డబ్బుతో ఆడవాళ్లు ఏం చేశారు? పత్రికలు చెప్పిన కథ ఒకటుంది. కార్మిక స్త్రీలు పియానోలు కొంటున్నారు, ఫర్ కోట్లు వేస్తున్నారు, సైనికుల భార్యలు సారాదుకాణాల్లో తూలుతున్నారు అని. తాకట్టు చరిత్ర మీద మెలనీ టెబట్ 1983లో రాసిన పుస్తకం, లండన్ తల్లుల జీవితాల మీద ఎలెన్ రాస్ 1993లో రాసిన ‘లవ్ అండ్ టాయిల్’ చదివాక, ఆ కథని తిరగేసి చదవాలనిపించింది. నా ఊహ ఇది. పక్కింటివాళ్లకీ, దాతృత్వ సంఘాల దొరసానులకీ విలాసంగా కనబడినదాంట్లో చాలా భాగం విడిపించుకోవడం. గోడకి మళ్లీ గడియారం వచ్చింది, మంచం మీద మళ్లీ దుప్పటి వచ్చింది, ఆమె వేలికి పెళ్లి ఉంగరం తిరిగొచ్చింది. చూసేవాళ్లకి అవి కొత్తవి. ఆమెకి అవి తనవే, ఎప్పుడో ఇంటినుంచి వెళ్లిపోయినవి. తెలుగులో తాకట్టుకి ‘విడిపించడం’ అంటాం, చెరలో ఉన్న మనిషికీ అదే మాట వాడతాం. ఈ విషయంలో మన భాషకి చరిత్రకారుల కంటే ఎక్కువ తెలుసు.

అయితే ఆడవాళ్ల చేతికొచ్చిన డబ్బు ఎప్పుడూ ఒంటరిగా రాదు, వెనకాలే కాపలా వస్తుంది. 1914 చివరి నెలల్లో ప్రభుత్వం, ‘అర్హత లేని’ భార్యలకి భత్యం ఆపేయడం గురించి ఉత్తర్వులు పంపింది. తాగుడు, పిల్లల పట్ల నిర్లక్ష్యం, పరాయి మగాడితో సంబంధం లాంటి కారణాలతో భత్యం ఆపవచ్చు. ఆ పనిలో పోలీసుల సాయం తీసుకున్నారు. ఏ నేరమూ చెయ్యని పౌరురాలి ఇంటి మీద, ఆమె భర్త దేశసేవలో ఉన్నాడన్న కారణంగానే నిఘా. సిల్వియా, ఇతర స్త్రీ సంఘాలూ దీన్ని గట్టిగా ఎదిరించాయి. సూసన్ పెడర్సన్ 1990లో రాసిన వ్యాసంలో దీని తర్కాన్ని విప్పి చూపిస్తుంది. ఆ భత్యం స్త్రీ చేసే పనికి ఇచ్చింది కాదు, సైనికుడు సంపాదించుకున్న హక్కు. అతను లేనప్పుడు రాజ్యం అతని స్థానంలో నిలబడింది, పోషించింది, కాబట్టి శీలాన్నీ అడిగింది. డబ్బు ఆమె చేతిలో ఉంది, కానీ ఆమెది కాదు.

ఇది చదువుతున్నప్పుడు మా పిన్ని మాటలు నా చెవుల్లో మోగాయి. మా బాబాయి 1987లో శాంతిసేనతో శ్రీలంక వెళ్లాడు. వాళ్లది ప్రకాశం జిల్లాలో మెట్ట ఊరు. బావి తవ్వించడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుంది, పిన్ని గొలుసు తాకట్టులో ఉంది. బాబాయి పంపే మనియార్డరు వాళ్ల మామగారి పేరున వచ్చేది. ఆయనే సంతకం పెట్టి తీసుకునేవాడు, అసలులో జమకట్టేవాడు. ఇల్లు గడవడం, నెలనెలా వడ్డీ కట్టడం పిన్ని మీద పడింది. రెండు గేదెల్ని మేపి, పాలు కేంద్రానికి పోసి ఆ రెండూ చూసుకుంది. బాబాయి 1990లో తిరిగొచ్చేసరికి అప్పు తీరింది, గొలుసు ఇంటికొచ్చింది. “లంకకి పోయి అప్పు తీర్చాడు” అని ఊరంతా మెచ్చుకుంది. పిన్ని మాత్రం ఇప్పటికీ “అసలు మీ బాబాయిదే అమ్మా, వడ్డీ నా గేదెలది” అంటుంది. తనది అనదు, గేదెలది అంటుంది! తన శ్రమని తన పేరున చెప్పుకోలేని ఆ మాట గురించి నేను చాలా ఆలోచించాను.

బ్రిటన్ స్త్రీలు కూడా అన్నీ మౌనంగా తీర్చుకుంటూ పోలేదు. కొన్ని అప్పులు తమవి కావని తేల్చి చెప్పారు. 1914 ఆగస్టు చివర్లో చేసిన ఒక అత్యవసర చట్టం, యుద్ధానికి ముందున్న చాలా బాకీల్ని కోర్టు అనుమతి లేకుండా బలవంతంగా వసూలు చెయ్యకుండా అడ్డుకుంది. కానీ ఇంటి యజమానులు అద్దెలు పెంచడాన్ని అది ఆపలేదు. ఓడల తయారీకీ ఆయుధాల తయారీకీ కేంద్రమైన గ్లాస్గోకి పనివాళ్లు వచ్చిపడటంతో, అక్కడ యజమానులు అద్దెలు పెంచారు. కట్టలేకపోతే సైనికుల కుటుంబాలనైనా వెళ్లగొట్టడానికి వెనకాడలేదు. 1915లో గోవన్ ప్రాంతంలో మేరీ బార్బర్, ఆమె తోటి గృహిణులు సంఘం పెట్టుకుని, పెంచిన అద్దె కట్టమన్నారు. ఖాళీ చేయించడానికి అధికారి వస్తే ఒకావిడ గంట కొట్టేది, మెట్లనిండా ఆడవాళ్లు చేరేవారు, వచ్చినవాడి మీద పిండి పొట్లాలు విసిరేవారు. నవంబరు నాటికి ఇరవైవేల కుటుంబాల దాకా సమ్మెలో ఉన్నాయంటారు. నవంబరు 17న కోర్టు ముందు జరిగిన భారీ ప్రదర్శన తర్వాత కొద్ది వారాల్లోనే, డిసెంబరులో, అద్దెల్నీ, ఇళ్ల తనఖా వడ్డీల్నీ యుద్ధం ముందున్న స్థాయిలోనే ఉంచే చట్టం వచ్చింది. తాకట్టు కొట్టువాడితో పెన్నీల బేరమాడటం నేర్పిన అనుభవమే ఇక్కడ రాజకీయమైంది. ఏది న్యాయమైన అప్పు, ఏది కాదు అని తేల్చే అధికారం తమకుందని వాళ్లు అనుకున్నారు.

ఇంకోవైపు ఐర్లండులో ఈ స్త్రీలని జాతీయోద్యమం కూడా క్షమించలేదు. డబ్లిన్ మురికివాడల్లో చాలా కుటుంబాలు బ్రిటిష్ సైన్యంలో చేరిన మగవాళ్ల భత్యం మీద బతికేవి. 1916 ఈస్టర్ తిరుగుబాటు ఓడిపోయి, బందీలైన తిరుగుబాటుదారుల్ని వీధుల్లో నడిపిస్తుంటే తిట్టినవాళ్లలో ఈ ‘సెపరేషన్ విమెన్’ ఉన్నారు. ఆ తర్వాతి జాతీయవాద కథనాల్లో వాళ్లు తాగుబోతు, నోటిదురుసు ఆడవాళ్లుగా స్థిరపడిపోయారు. వాళ్లకి ఆ డబ్బు అంటే ఏమిటో, అది ఆగితే ఇంట్లో ఏం జరుగుతుందో ఆ కథనాలు అడగలేదు. సామ్రాజ్యం వాళ్లని అనుమానించింది, స్వాతంత్ర్యోద్యమం అసహ్యించుకుంది. అప్పుల్లో ఉన్న ఆడదానికి ఏ జెండా కిందా గౌరవం దొరకలేదు.

ఈ మొత్తం అనుభవం నుంచి ఒక రాజకీయ పాఠం తీసినది ఎలినార్ రాత్‌బోన్. 1914లో లివర్‌పూల్‌లో సైనిక కుటుంబాల సహాయ సంఘం పనిని ఆమె నడిపింది. ఇంటింటికీ వెళ్లి విచారించే ఆ వ్యవస్థలో ఆమెకీ భాగం ఉంది, అది మరిచిపోకూడదు. కానీ ఆమె గమనించిన విషయం పెద్దది. పిల్లల సంఖ్యని బట్టి, క్రమం తప్పకుండా, తల్లి చేతికే డబ్బిస్తే ఇల్లు నిలబడుతుంది. మరి దీనికి యుద్ధం ఎందుకు కావాలి? భర్త ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం ఆమె పనికి విలువ ఎందుకు ఉండకూడదు? 1924లో ‘ది డిజిన్‌హెరిటెడ్ ఫ్యామిలీ’ పుస్తకంలో ఈ వాదాన్ని పూర్తిగా నిర్మించింది. 1929లో పార్లమెంటుకి ఎన్నికైంది. 1945లో కుటుంబ భత్యాల బిల్లు వచ్చినప్పుడు, అందులో డబ్బు తండ్రికి చెందుతుందని రాసి ఉంది. ముప్ఫై ఏళ్ల పోరాటం తర్వాత ఆ ఒక్క మాట! అలా అయితే తాను వ్యతిరేకిస్తానని ఆమె సభలో నిలబడింది. చివరికి తల్లికే ఇచ్చేలా మార్చారు. రెండో బిడ్డ నుంచి ఒక్కొక్కరికి వారానికి 5 షిల్లింగులు. 1946 ఆగస్టులో చెల్లింపులు మొదలయ్యాయి. ఆమె ఆ జనవరిలోనే చనిపోయింది.

ఈ మధ్యలో, 1919 తర్వాత, మగవాళ్లు తిరిగొచ్చారు, ఎడబాటు భత్యం ఆగింది, ఆయుధ కర్మాగారాల నుంచి ఆడవాళ్లని పంపించేశారు. యుద్ధకాలంలో ధరలు రెట్టింపై ఉన్నాయి. 1920ల నిరుద్యోగంలో సోమవారపు మూటలు మళ్లీ బయల్దేరాయి. అప్పు తీర్చడం, అప్పులేని బతుకు ఒకటి కావు. మొదటిదాన్ని ఆడవాళ్లు తమ ఒళ్లు వంచి సాధించగలరు. రెండోదానికి ఆదాయం మీద హక్కు కావాలి.

మన దగ్గర ఈ తేడా ఇంకా తేలలేదు. 1990ల పొదుపు ఉద్యమం నుంచీ ఆడవాళ్లు బాకీ ఎగ్గొట్టరన్న నమ్మకం మీద ఎన్నో అప్పు పథకాలు నిలబడ్డాయి. ఆ నమ్మకాన్నే సూక్ష్మరుణ సంస్థలు పెట్టుబడిగా మార్చుకున్న తీరు, గుంపుని గుంపు మీద కాపలా పెట్టిన తీరు, ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సొచ్చిన పరిస్థితి మనం చూసినవే. బాకీ తీరుస్తుందని ఆమెని నమ్మారు. ఏ అప్పు చెయ్యాలో, దేనికి చెయ్యాలో నిర్ణయిస్తుందని మాత్రం నమ్మలేదు.

సాహిత్యంలో కూడా అప్పు మగవాళ్ల మధ్య వ్యవహారంగానే వచ్చింది. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1964) అప్పు మీద మన భాషలో వచ్చిన గొప్ప కథ. అందులో పంచాయితీ మగవాళ్లది, పత్రం మగవాళ్లది, తండ్రి బాకీ మోయబోయేది కొడుకు. ఆ ఇంట్లో ఆడవాళ్లు అన్నేళ్లూ రోజువారీగా ఆ అప్పుని ఎలా మోశారన్నది ఇంకో కథ, దాన్ని ఎవరో ఒకరు రాయాలి. అలాగే పశ్చిమగోదావరిలో ‘మిలటరీ మాధవరం’గా పేరుపడ్డ ఊరి గురించి ఎప్పుడు చదివినా, రెండు ప్రపంచయుద్ధాలకి ఆ ఊరి మగవాళ్లు ఎంతమంది వెళ్లారన్న లెక్కే ఎదురవుతుంది. వాళ్లు వెళ్లాక ఇళ్లల్లో జరిగిన జమాఖర్చుల లెక్క మనం అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

అడగాలి. మనియార్డరు రసీదులు, ప్రామిసరీ నోట్లు, చీటీల పుస్తకాలు, పాలకేంద్రం కార్డులు, గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో వేసిన వడ్డీ లెక్కలు - ఇవన్నీ మన ఆడవాళ్లు రాసుకున్న, లేదా రాయించుకున్న కాగితాలే. కవిత్వం చదివినంత శ్రద్ధగా మనం వాటిని చదవాలి. ఆ కాగితాల మీద సంతకం ఎవరిదో చూడటంతో ఆగిపోకుండా, ఆ నెల వడ్డీ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడిగితే, యుద్ధ చరిత్రకీ మన చరిత్రకీ తెలియని పేర్లు బయటికొస్తాయి.